బళ్లారి రాఘవ

రంగస్థలంపై ప్రేక్షకుడు చూడవలసినది పాత్రనా, వినవలసినది పాటనా? ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో తెలుగు నాటకాన్ని వేధించిన ప్రశ్న ఇది. ‘వన్స్‌మోర్’ అన్న కేక వినబడగానే, మరణించిన పాత్రధారి సైతం లేచి పద్యం మళ్లీ అందుకొనే రోజులవి. ఈ ధోరణిని నిరసించి, నాటకానికి నటనే ప్రాణమని చాటిన మహానటుడు బళ్లారి రాఘవ.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. బళ్లారిలో న్యాయవాదిగా పేరు గడించినా రాఘవ మనస్సు రంగస్థలంపైనే నిలిచింది. పద్యాన్ని రాగంతో సాగదీయక, భావానుగుణంగా పలకడం ఆయన పద్ధతి. ఇంగ్లండు పర్యటనలో జార్జి బెర్నార్డ్ షాను కలుసుకొన్నారు.

పురుషులు స్త్రీ వేషం ధరించడం ఆయనకు సమ్మతం కాదు. కులస్త్రీలు రంగస్థలమెక్కడం అపచారమని భావించిన ఆ కాలంలో విద్యావతులను ప్రోత్సహించి, వారితో కలిసి నటించారు. కొమ్మూరి పద్మావతీదేవి వారిలో ఒకరు. రాఘవ సంస్కరణను కొనియాడే మనం, లోకనిందకు వెరవక ముందుకు వచ్చిన ఆ స్త్రీల సాహసాన్ని అంతగా తలచుకోము.

‘ద్రౌపదీ మానసంరక్షణం’ (1936) చిత్రంలో దుర్యోధనుడిగా కనిపించారు. జమీందారీ వ్యవస్థను ఎండగట్టిన ‘రైతుబిడ్డ’ (1939), ఆపై ‘చండిక’ (1940) చిత్రాలలోనూ నటించారు. 1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూసే నాటికి చలనచిత్రాలలో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించడం పరిపాటి అయింది. రంగస్థలంపై మాత్రం పురుషుల స్త్రీ వేషాలు ఇంకా కొనసాగుతూనే ఉన్నాయి.