క్యాను నీళ్ళా, నల్లా నీళ్ళా? పిల్లల పళ్ళకు ఏది మంచిది?

ఇల్లందు ప్రాంతంలో పెళ్ళయినా, నామకరణమైనా, గుడిలో ప్రేమవిందయినా 20 లీటర్ల క్యాన్లు వరుసగా పెట్టనిదే మర్యాద కాదనుకునే రోజులివి. ఇంటి ముందు మిషన్ భగీరథ నల్లా ఉన్నా తాగడానికి మాత్రం క్యాను కొనే కుటుంబాలున్నాయి. "నల్లా నీళ్ళు తాగితే పిల్లల పళ్ళు పచ్చబడతాయి" అని కొందరు తల్లులు, "క్యాను నీళ్ళలో బలం లేదు, పళ్ళు పుచ్చిపోతాయి" అని మరికొందరు అంటుంటారు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజముంది, కొంత భయముంది.

అసలు సంగతి ఫ్లోరైడ్. నేలలోని రాళ్ళనుండి నీటిలోకి దిగే పదార్థమిది. కూరలో ఉప్పులాగా దీనికీ ఒక కొలత ఉన్నది. కొద్దిగా ఉంటే పంటి పైపొర గట్టిపడి, పుచ్చు త్వరగా పట్టదు. ఎక్కువైతే అదే పొర చెడి, తెల్లని మచ్చలు, తరువాత గోధుమరంగు చారలు వస్తాయి. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలనీ, వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చుననీ మన దేశ ప్రమాణం.

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి 1901లో వచ్చిన మెక్కే అనే దంతవైద్యుడు అక్కడి పిల్లల మచ్చల పళ్ళు చూసి ఆశ్చర్యపోయాడు. దానికి కారణం నీటిలోని ఫ్లోరైడ్ అని తేలేసరికి 1931 వచ్చింది. ఆ మచ్చల పళ్ళకు పుచ్చు తక్కువని కూడా గమనించారు. అందుకే 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరంలో తాగునీటికి కొలిచి మరీ ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. మన తెలుగునేలమీద కథ దీనికి తలక్రిందులు. ఆనాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ వల్ల పళ్ళే కాదు, ఎముకలు కూడా బిగుసుకుపోతున్నాయని వైద్యులు 1937లోనే వ్రాశారు. నల్లగొండ బాధ అందరికీ తెలిసినదే. 1996 లోక్‌సభ ఎన్నికలలో మంచినీళ్ళ కోసం జలసాధన సమితి పిలుపుపై అక్కడ ఏకంగా 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది! పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు.

మరి ఇల్లందు మాటేమిటి? 1871లో విలియం కింగ్ బొగ్గు కనుగొన్న నేల ఇది. ఒకచోట బొగ్గు పొరల ఇసుకరాయి, కొద్దిదూరం పోతే గట్టి రాయి. కనుక ఒక తండా బోరింగు నీళ్ళు బాగున్నాయని ప్రక్క గూడెం బోరింగూ బాగుంటుందని చెప్పలేము. ఏ బోరుకాబోరు పరీక్ష చేయించవలసినదే. నది నీళ్ళలో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువ. మిషన్ భగీరథ నీళ్ళు కృష్ణా, గోదావరి జలాలను శుద్ధిచేసి పంపేవి కాబట్టి, వాటితో పళ్ళు పచ్చబడతాయన్న భయం చాలావరకు అనవసరం. అయితే మీ ఊరి ట్యాంకులో బోరు నీళ్ళు కూడా కలుపుతున్నారేమో పంచాయతీలో అడగండి.

ఇక క్యాను. ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసివేస్తుంది. బోరులో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళో అది నిజంగా మేలే. బాగున్న నల్లా నీళ్ళు మాని క్యాను కొంటే మాత్రం పళ్ళకు అదనపు లాభమేమీ లేదు. అలాగని ఆ నీళ్ళవల్లే పళ్ళు పుచ్చవు. పుచ్చు తెచ్చేది తీపి. పూటపూటకూ బిస్కెట్లు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు ఇస్తూ నీళ్ళను నిందించడం మాకు న్యాయంగా తోచదు. పైగా ఆటోలో వచ్చే క్యాను ఎక్కడ నింపారో, దానిమీద ఆహారభద్రతా లైసెన్సు నంబరు ఉన్నదో లేదో చూసేవారెందరు?

ఒక సంగతి తల్లులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యేది సుమారు 8 ఏళ్ళలోపే. మచ్చ పడితే అప్పుడే పడుతుంది. పెద్దయ్యాక ఎంత తోమినా, వేపపుల్ల అరిగిపోయినా పోదు. గార వేరు, ఇది వేరు. గారను దంతవైద్యుడు గీకి తీయగలడు, ఈ మచ్చ పంటిలోనే ఉంటుంది. సంబంధాలు చూసేటప్పుడు ఆడపిల్ల పళ్ళు చూసి "శుభ్రత తెలియనిది" అనేవారికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

ఫ్లోరైడ్ నీళ్ళను కాచితే దోషం పోతుందనుకోవడమూ పొరపాటే. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. క్రిములున్న నీటికే కాచడం మందు. పేస్టు విషయంలో, మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపు బిడ్డకు బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మివేయించాలి.

పరీక్షకు నీళ్ళు పట్టేటప్పుడు గాజుసీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరింగును కాసేపు కొట్టి, మొదటి నీళ్ళు పోనిచ్చి, అదే నీటితో సీసాను రెండుమూడుసార్లు తొలిపి నింపండి. మీద ఊరిపేరు, బోరు ఉన్నచోటు, తేదీ వ్రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు అందజేసి, "ఫ్లోరైడ్ ఎంత?" అని అంకె అడిగి వ్రాయించుకోండి.