చెఱువు నేర్పు పాఠము

కడప జిల్లాలోని పోరుమామిళ్లలో రెండు రాతిపలకలపై చెక్కబడిన సంస్కృత శాసనమొకటి కలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అచ్చట గొప్ప చెఱువును నిర్మింపజేసి, క్రీ.శ. 1369వ సంవత్సరమున ఆ శాసనమును వ్రాయించెను. దినమునకు 1,000 మంది కూలీలు పనిచేసిరనియు, రాళ్లను చేరవేయుటకు 100 బండ్లు నడచెననియు, పని ముగియుటకు రెండు సంవత్సరములు పట్టెననియు అందు వ్రాయబడియున్నది. ఆఱు శతాబ్దములు గడచినను ఆ చెఱువు నేటికిని నిలిచియున్నది. ఒక నిర్మాణము ఇంతకాలము నిలుచుటకు కారణమేమి?

దాని సమాధానము కొంత ఆ శాసనమునందే దొరకును. మంచి చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆఱు దోషములను అది వివరించుచున్నది. మంచినీటి ఏఱు, గట్టినేల, ఇరుప్రక్కల కొండలు, లోతును వైశాల్యమును గల గర్భము కావలెను. ఇవి ప్రకృతికి సంబంధించినవి. కట్టక్రింద సమతలమై ఫలవంతమగు పొలములుండవలెను. ఇది సంపదకు సంబంధించినది. ధర్మపరుడగు ప్రభువు, జలశాస్త్రము నెఱిగిన నిపుణుడు, పనియందు ఆరితేరిన కార్మికులు ఉండవలెను. ఇది జనులకు సంబంధించినది. ఈ మూడింటిలో ఏది లోపించినను చెఱువు నిలువదు.

దోషములలో రెండు మిక్కిలి గమనింపదగినవి. నీరు స్వల్పమై తడుపవలసిన నేల విస్తారమగుట ఒక దోషము. నీరు అధికమై నేల స్వల్పమగుట మఱియొక దోషము. ఉన్నదానికిని వాడుకకును పొందిక యుండవలెనని దీని భావము.

అయినను కట్టుట యొక యెత్తు, కాపాడుకొనుట యొక యెత్తు. ప్రతి వర్షాకాలమునను వఱదనీరు మట్టిని వెంటగొనివచ్చి చెఱువు గర్భమున చేర్చును. ఏటేట పూడిక పెరిగి నీరు నిలుచు చోటు తగ్గును. వేసవిలో చెఱువు ఎండగానే రైతులు ఆ ఒండ్రుమట్టిని బండ్లతో తమ పొలములకు తోలుకొనెడివారు. చెఱువునకు చేటైన మట్టి చేనికి ఎరువయ్యెడిది. కుమ్మరి అందలి బంకమన్నుతో కుండలు చేసెడివాడు. జాలరికి చేపలు లభించెడివి. పశువులకు త్రాగునీరు దొరకెడిది. చెఱువు నిండియున్నచో చుట్టుప్రక్కల బావులలో ఊట తగ్గదు. ఇట్లు ఒక్క చెఱువు పెక్కు వృత్తులకు మూలధనమై యుండెడిది.

ఈ మూలధనమును కాపాడుటకు పెద్దలు కట్టుబాట్లను ఏర్పఱచిరి. చెఱువును త్రవ్వించి, దాని మరమ్మతులను చూచుకొనువారికి రాయలసీమలో దశబంధమను మాన్యమునిచ్చెడివారు. తూము తెఱచి, వంతుల ప్రకారము నీరు పంచుటకు నీరుగంటి యుండెడివాడు. చెఱువువలన వచ్చిన ఆదాయములో కొంత చెఱువునకే తిరిగి చేరవలెనని వీని యంతరార్థము.

కాలక్రమమున ఈ కట్టుబాట్లు సడలెను. ఊరివారు కూడి కట్టను బాగుచేసుకొను కుడిమరామత్తు ఆనవాయితీకి మదరాసు ప్రభుత్వము 1858వ సంవత్సరమున చట్టము చేయవలసివచ్చెను. ఊరివారు తమదిగా తలచిన పని సర్కారు పనియయ్యెను. పలుచోట్ల కాలువలు పూడిపోయెను. ఎగువన చెట్లు నఱకుటచే మట్టి మఱింతగా కొట్టుకొనివచ్చెను. కొన్ని చెఱువుల గర్భములో ఇండ్లు లేచెను.

తరువాత గొట్టపుబావులు వచ్చెను. ఇవి రైతునకు గొప్ప మేలు చేసెననుటలో సందేహము లేదు. వంతుకై వేచియుండక తనకు వలసినప్పుడు నీరు తోడుకొను స్వేచ్ఛ వానికి లభించెను. కాని రాయలసీమ, తెలంగాణముల నేలక్రింద చాలభాగము గట్టిరాయి. నీరు పైనున్న మెత్తని పొరలలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నిలుచును. ఒక రైతు 200 అడుగుల బావి వేయగా, నీరు తగ్గెనని పొరుగువాడు 400 అడుగులు వేయును. మొదటివాని బావి ఎండును. అతడు అప్పుచేసి మఱింత లోతునకు పోవును. పైరు బాగుగా పండినను వాని బ్రదుకు పండదు.

ఇందలి తప్పు వర్తకుని లెక్కతో తెలియును. ఏటేట వానవలన నేలలోనికి ఇంకు నీరు వడ్డీవంటిది. అడుగున చేరియున్న నీరు అసలువంటిది. వడ్డీతో జీవించువాడు కలకాలము జీవించును. అసలును తినువాడు కొన్నాళ్లు శ్రీమంతునివలె కనబడి, పిమ్మట దరిద్రుడగును. అసలు తఱుగుచుండగా వచ్చిన రాబడిని లాభమని వ్రాసుకొనుట తన్ను తాను వంచించుకొనుటయే. కర్మాగారము తన మురుగును ఏటిలో వదలి, శుద్ధిచేయు ఖర్చు మిగిలెనని సంతసించుటయు ఇట్టిదే. ఆ ఖర్చు దిగువ గ్రామముల తలపై పడును.

నార్వే దేశీయురాలగు బ్రంట్లండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘము 1987వ సంవత్సరమున ఈ సత్యమునే ప్రకటించెను. రాబోవు తరములవారి అవసరములకు భంగము కలుగకుండ నేటివారి అవసరములు తీర్చుటయే సుస్థిరాభివృద్ధియని ఆ సంఘము నిర్వచించెను. ఆంధ్రప్రదేశ్‌లో 2002వ సంవత్సరమున వచ్చిన చట్టము నీటిని, భూమిని, చెట్లను ఒక్కచోట చేర్చినది. తెలంగాణ ప్రభుత్వము 46 వేలకు పైగా చెఱువులను ఉద్ధరింపనెంచి 2015వ సంవత్సరమున మిషన్ కాకతీయను ప్రారంభించెను. తీసిన ఒండ్రును రైతులు మరల తమ పొలములకు తోలుకొనిరి.

అయితే ఒకసారి పూడిక తీసినంతమాత్రమున పని ముగియదు. వచ్చు వర్షాకాలమున మట్టి మరల చేరును. కట్టపై ఎలుకబొఱియను చూచిన నాడే పూడ్చువాడు, తన పొలము తడిసినపిదప తూము మూయువాడు ఊరిలో ఉన్నంతకాలము చెఱువు నిలుచును. పోరుమామిళ్ల శాసనమున పేర్కొనబడిన పండ్రెండు అంగములలో జనులకును చోటు కల్పించుటకు కారణమిదియే.