షాట్ రెడీ... అంబాసిడర్ అలిగింది!

సినిమాలో కారు ఆగిపోతే ఏం జరుగుతుంది? హీరో దిగుతాడు. బానెట్ ఎత్తుతాడు. గుప్పుమని పొగ! విసుగొచ్చి ఓ తన్ను తంతాడు. బండి బుర్రుమని స్టార్టవుతుంది. హాల్లో ఈలలే ఈలలు!

నిజంగా మొరాయించిన బండి తన్నులకి లొంగదు. ఆ సంగతి గోదావరి గట్టు మీద జరిగిన ఓ షూటింగులో నేను కళ్ళారా చూశాను.

కథ 1970ల నాటిది. కాబట్టి కారు అంబాసిడరే కావాలి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలైన ఈ బండి తయారీ 2014లో ఆగిపోయింది. అంచేత పాతకాలం కథ తీసే యూనిట్ వయసు మళ్ళిన బండినే వెతికి తెచ్చుకోవాలి. ఆ రోజు వచ్చింది డైనమో ఉన్న పాత మోడలు.

పొద్దు వాలుతోంది. మహా ఉంటే అరగంట వెలుతురు. హీరోయిన్ వెనక సీట్లో కూర్చుంది. ఇంజను నెమ్మదిగా ఆడుతోంది, హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. డైరెక్టర్ "స్టార్ట్ కెమెరా" అనబోతుండగా టప్పున అన్నీ ఆగిపోయాయి. లైట్లు లేవు, హారన్ లేదు, సెల్ఫ్ కొడితే చప్పుడైనా లేదు!

ఇక చూడండి హడావిడి! "బ్యాటరీ పోయింది, కొత్తది తెప్పించండి" అని ఒకరు. "తోయండర్రా" అని ఇంకొకరు. బండితో వచ్చిన పెద్ద మెకానిక్ మాత్రం తొణకలేదు. యూనిట్లో అందరికీ ఆయన "బాబాయ్".

"ఏం పోయిందంటావు బాబాయ్?" అన్నాడు అసోసియేట్ డైరెక్టర్.

"ఏం పోయిందో తర్వాత బాబూ. కరెంటు ఎందాకా వస్తోందో ముందు చూద్దాం" అన్నాడాయన.

ఆ ఒక్క మాటలోనే ఉంది కిటుకంతా!

బల్బు చెప్పిన సాక్ష్యం

ఒక్క హారనే పోతే దాని ఫ్యూజు, స్విచ్చి, వైరు చూసుకోవాలి. అన్నీ ఒక్కసారే పోతే మాత్రం లోపం అన్నీ కలిసే చోట ఉంటుంది. అంటే బ్యాటరీ, దాని టెర్మినల్స్, పెద్ద వైరు, బాడీకి బిగించిన ఎర్త్ వైరు.

బాబాయ్ జేబులోంచి రెండు వైర్లు తగిలించిన 12 వోల్టుల చిన్న బల్బు తీశాడు. రెండు కొసలూ బ్యాటరీ పోల్స్ మీద పెట్టాడు. ధగధగా వెలిగింది. క్లాంపుల మీద పెట్టాడు. అక్కడా వెలిగింది. తర్వాత ఒక కొస బాడీకి కలవని పోల్ మీద ఉంచి, రెండోది బాడీకున్న రంగులేని బోల్టుకి ఆనించాడు. బల్బు వెలగలేదు!

"దొరికాడు దొంగ!" అన్నాడు.

ఎర్త్ వైరు బాడీని పట్టుకునే చోట తుప్పు పేరుకుంది. కరెంటు వెళ్ళడానికి దారి ఉంది, తిరిగి రావడానికి లేదు. బాబాయ్ ముందు బ్యాటరీ మీద ఎర్త్ క్లాంపు తీశాడు. బోల్టు విప్పి, ఎమరీ పేపరుతో తళతళలాడేలా రుద్ది, గట్టిగా బిగించాడు. సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. షాట్ ఓకే! ఖర్చు ఓ ఎమరీ పేపరు ముక్క.

"మరి నడుస్తున్న ఇంజనెందుకు ఆగింది?" అనడిగాను.

"స్లోలో ఉన్నప్పుడు డైనమో కరెంటు చెయ్యదండీ. బండి బ్యాటరీ మీదే బతుకుతుంది. ఆ దారి తెగితే ఇంజనూ అంతే" అన్నాడు.

మీ ఇంట్లో పాత బండి ఉందా?

ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండుగా ఛార్జయిన బ్యాటరీ మీటరు మీద 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. లైట్లు వెలిగి, సెల్ఫ్ కొట్టగానే ఆరిపోతున్నాయా? అయితే బ్యాటరీ నీరసపడి అయినా ఉండాలి, టెర్మినల్ లూజై అయినా ఉండాలి. విప్పేటప్పుడు ఎర్త్ వైరు మొదట తీయాలి, బిగించేటప్పుడు చివర పెట్టాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో సిగరెట్ వెలిగించొద్దు.

ఫ్యూజు కాలిపోతే దాని బదులు రాగి తీగ మాత్రం చుట్టకండి. ఫ్యూజు కాలింది కాబట్టే వైర్లు మిగిలాయి. తీగ చుడితే కాలేది బండే! రాత్రిపూట రోడ్డు మధ్యలో లైట్లు ఆరిపోతే ముందు మనుషుల్ని దింపి, బండిని పక్కకి తొయ్యండి. బానెట్ సంగతి ఆ తర్వాత.

ఇలాంటి మెకానిక్కుల పేర్లు టైటిల్స్‌లో కనబడేది తక్కువే. ఈసారి తెర మీద పాత అంబాసిడర్ దర్జాగా మలుపు తిరిగినప్పుడు, హీరోకి వేసే ఈలల్లో ఒకటి వాళ్ళకీ వెయ్యండి!