పుండు ఎక్కడుంది, ట్యూబులో ఏముంది?

తల్లి మింగిన మందు పాల ద్వారా బిడ్డకు ఎంత చేరుతుందో లెక్కగట్టడానికి వైద్యులకు ఒక కొలత ఉంది. తల్లికి ఒంటి బరువులో కిలోకు ఎంత మందు పడింది, అందులో ఎన్నో వంతు బిడ్డకు కిలోకు పాలలోంచి అందుతోంది అని చూస్తారు. అది 10 శాతం లోపుంటే చాలా మందులకు పాలు ఆపనక్కర్లేదు. గజ్జికి రాసే 5 శాతం పెర్మెత్రిన్ క్రీము ఒళ్లంతా పూసుకున్నా, చర్మం గుండా లోపలికి వెళ్లేది 2 శాతం లోపే. అందులోంచి పాలలోకి దిగేది మరీ స్వల్పం.

అనంతపురం జిల్లా రాప్తాడు బాలింతలకు ఈ అంకెలు తెలియాలి. తల్లి ఒంటి మీద మచ్చో పొక్కో కనబడగానే "బిడ్డకు అంటుతుంది, పాలు మాన్పించు" అనే మాట ఇంట్లో ముందుగా వస్తుంది. మాన్పిస్తే పట్టేది డబ్బాపాలు, వాటిలో కలిపేది చాలా ఇళ్లలో బోరు నీళ్లు. జిల్లా భూగర్భజలాలకు ఫ్లోరైడ్ బెడద ఉంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని మన ప్రమాణం. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. తల్లి తాగే నీళ్లలో అది ఎక్కువున్నా చనుపాలలోకి చేరేది మాత్రం అతి తక్కువ. పైగా చనుపాలలో దాదాపు 88 శాతం నీరే. మే నెల ఎండల్లో కూడా ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా నీళ్లు పట్టనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగేవారు 63.7 శాతం. చర్మరోగమంటే భయంతో ఈ లెక్క ఇంకా తగ్గడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

సోరియాసిస్, బొల్లి అంటువ్యాధులే కావు. గజ్జి అంటుతుంది గానీ పాలలోంచి కాదు, ఒంటికి ఒళ్లు తగిలి. దాని పురుగు మనిషి ఒంటి మీద నుంచి విడిపోతే 2, 3 రోజులకు మించి బతకదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద ఇది చాలా పనికొచ్చే సంగతి: దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉతికేంత నీరు లేకపోతే, సంచిలో బిగించి కట్టి మూడు నాలుగు రోజులు పక్కన పెడితే సరిపోతుంది. పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి పాదాల దాకా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచాలి. పాలిచ్చే ముందు రొమ్ములు కడుక్కుని, తాగించాక అక్కడ మళ్లీ రాసుకోవాలి. 7 నుంచి 14 రోజుల్లో రెండోసారి. దురద లేనివాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఒకేరోజు రాసుకోకపోతే పడ్డ శ్రమంతా వృథా. రెండు నెలలు నిండని బిడ్డకు ఏది రాయాలో డాక్టరే చెప్పాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది రోగం కాదు, డాక్టరు చీటీ లేకుండా కొనుక్కొచ్చే ట్యూబు. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మే జాబితాలో చేర్చింది. అయినా తామరకు, దురదకు వాటిని అడిగి కొనుక్కునే అలవాటు పోలేదు. ఇలాంటి క్రీము తామరను పైకి అణిచి లోలోపల పెంచుతుంది. చనుమొనకు రాస్తే నేరుగా బిడ్డ నోట్లోకే వెళ్తుంది. నొప్పి తగ్గాలని ఒక తల్లి కాన్పు అయినప్పటి నుంచీ బలమైన స్టెరాయిడ్ చనుమొనలకు రాసుకుంటే, రెండు నెలల బిడ్డకు రక్తపోటు విపరీతంగా పెరిగి ఎదుగుదల తగ్గిపోయిన ఉదంతం వైద్య గ్రంథాల్లో ఉంది. ట్యూబు మీద క్లోబెటాసాల్ అనే బలమైన స్టెరాయిడ్ పేరు ఉంటే రొమ్ముకు రాయకండి. చనుమొన దగ్గర ఎగ్జిమాకు డాక్టర్లు సాధారణంగా 1 శాతం హైడ్రోకార్టిసోన్ లాంటి తేలిక మందు ఇస్తారు. దాన్ని పాలిచ్చాక పలచగా రాసి, మళ్లీ ఇచ్చేముందు తుడిచేయాలి. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన మందు, అంటే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంట్ కన్నా నీళ్లతో పోయే క్రీము మేలు, ఎందుకంటే ఆయింట్‌మెంట్‌లోని పారాఫిన్ కూడా బిడ్డ నాకేస్తుంది.

మాత్రల్లో సెటిరిజిన్, ఫ్లూకోనజోల్ లాంటివి పాలిచ్చే తల్లులకు ఇస్తూనే ఉంటారు. మత్తు తెచ్చే పాతకాలపు దురద మాత్రలు వరసగా వేసుకుంటే బిడ్డ కూడా మందకొడిగా పడి ఉండొచ్చు. సోరియాసిస్‌కు వాడే మెథోట్రెక్సేట్, అసిట్రెటిన్ పాలిచ్చే రోజుల్లో వద్దు. "పాలిస్తున్నాను" అని తల్లి ముందే చెబితే డాక్టరు వేరే మందు రాస్తారు.

కుష్ఠు అని తేలినా పాలు ఆపనక్కర్లేదు. రకాన్ని బట్టి 6 లేదా 12 నెలల మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. వాటిలో క్లోఫాజిమిన్ వల్ల పాలు కాస్త ఎరుపెక్కినా, బిడ్డ చాయ కొంచెం ముదిరినా బెదిరిపోవద్దు. మందు ఆపాక ఆ రంగు మెల్లగా పోతుంది.

నిజంగా జాగ్రత్త పడాల్సింది రెండింటి విషయంలో. రొమ్ము మీద గుంపుగా నీటిపొక్కులు లేచి మండుతుంటే అది హెర్పిస్ కావచ్చు. నెలలోపు బిడ్డకు అది ప్రాణాంతకం. పొక్కులు మానేదాకా ఆ వైపు పాలు ఇవ్వొద్దు, పొక్కులు లేని రెండో రొమ్ము ఇవ్వొచ్చు. బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా 108కి ఫోన్ చేసి అనంతపురం సర్వజన ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రెండోది ఆటలమ్మ. కాన్పుకు 5 రోజుల ముందు నుంచి 2 రోజుల తర్వాత లోపు తల్లికి పోస్తే బిడ్డను కొన్నాళ్లు విడిగా ఉంచి, వెంటనే వైద్యం చేయించాలి. అప్పుడు కూడా పొక్కులు తగలకుండా పిండిన పాలు గిన్నెతో పట్టొచ్చు. పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. కాబట్టి ఆపిన రొమ్మునూ అదే వరసన పిండుతుండాలి, లేకపోతే పుండు మానేసరికి పాలు తగ్గిపోతాయి. హెర్పిస్ పొక్కులున్న వైపు పిండినవి మాత్రం పారబోయాలి.