పని వద్దన్నవాడు, పని దొరకనివాడు

నిరుద్యోగ భృతి మాట వస్తే చాలు, మన సంఘాల్లో ఎవరో ఒకరు పౌలు భక్తుణ్ణి సాక్షిగా తెచ్చి నిలబెడతారు. పని చేయడానికి ఇష్టపడనివాడికి తిండి పెట్టనక్కర లేదని థెస్సలొనీకయులకు రాసిన రెండవ పత్రికలో ఉంది కదా, మరి ఊరికే కూర్చున్నవాడికి ప్రభుత్వం నెలనెలా డబ్బెందుకివ్వాలి అంటారు. ఇస్తే ఏదో ఒక పని చేయించుకుని ఇవ్వాలి, లేదా కొత్త పని నేర్చుకుంటేనే ఇవ్వాలి అంటారు. ఇది తీసిపారేయదగ్గ వాదన కాదు. ఆదాము పాపం చేయక ముందే దేవుడు అతనికి తోట పని అప్పగించాడు. అంటే పని శాపం వల్ల వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి పనిలేని మనిషి జేబుతో పాటు ధైర్యం కూడా ఎలా ఖాళీ అవుతుందో ఇంట్లో అలాంటి కొడుకున్న తల్లిని అడిగితే చెబుతుంది.

అయితే పౌలు ఆ మాట ఎవరినుద్దేశించి రాశాడో కూడా చూడాలి. ఆ సంఘంలో కొందరు చేతిలో ఉన్న పని వదిలేశారు. ప్రభువు రాకడ దగ్గరపడిందన్న ఆలోచనే దానికి కారణమని పండితులు చాలామంది అంటారు. వాళ్ళు పక్కవారి సంగతుల్లో తలదూరుస్తూ తోటి విశ్వాసుల కష్టం మీద భోంచేస్తున్నారు. వారిని మందలించే హక్కు పౌలుకుంది, ఎందుకంటే ఆయన గుడారాలు కుట్టుకుంటూ బతికినవాడు, వారి మధ్య ఉన్నన్నాళ్ళూ ఎవరి అన్నమూ ఉచితంగా తినలేదు. (పండుగ కట్నాల మీద బతికే పెద్దమనుషులు ఇదే వచనం ఎత్తుకున్నప్పుడు కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, అది వేరే సంగతి.) ఆయన మందలించింది పని వద్దన్నవాణ్ణి. పని దొరకనివాడి ఊసు అక్కడ లేదు. చూడబోతే ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఉంటారు. వారిలో ఎవరు ఎవరో తేల్చడమెలా?

దీనికి ప్రభుత్వాలు కనిపెట్టిన ఉపాయం ఒకటే. అడిగినవాడికి పని చూపించు, చేస్తే అవసరమున్నవాడు, చేయకపోతే సోమరి. ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టం ఈ ఉపాయాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్ళింది. సహాయం కావాలంటే పనిశాలలో చేరాలి, అక్కడి బతుకు బయటి అతి పేద కూలివాడి బతుకు కన్నా హీనంగా ఉండాలి, భార్యాభర్తలను వేరువేరుగా ఉంచాలి. అవసరం లేనివాడెవడూ అటు రాడని లెక్క. అదే లెక్క నలభై ఏళ్ళ తర్వాత మన గడ్డ మీదికీ వచ్చింది.

1876లో వానలు తప్పాయి. ధాత నామ సంవత్సరం గనుక మన పెద్దలు దాన్ని ధాత కరువన్నారు. 1878 వరకు సాగిన ఆ కరువు యాభై లక్షల మందికి పైగా ప్రాణాలు తీసిందని చరిత్రకారుల అంచనా. కడప, కర్నూలు, బళ్ళారి, నెల్లూరు జిల్లాలు దానికి నలిగిపోయాయి. మద్రాసు ప్రభుత్వం చెరువు పనులు, రోడ్డు పనులు తెరిచి కూలి ఇస్తుండగా 1877 జనవరిలో పై ప్రభుత్వం తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర తనిఖీకి వచ్చాడు. అంతకు మూడేళ్ళ ముందు బీహారు కరువులో ధారాళంగా ఖర్చుపెట్టి జనాన్ని బతికించి, అందుకుగాను దుబారా మనిషని పైవారిచేత మాటపడ్డవాడు. ఈసారి ఆ మాట పడకూడదనుకున్నాడు. పురుషుడికి రోజుకు ఒకటిన్నర పౌన్ల ధాన్యం ఖరీదు, పైన అర అణా ఉన్న కూలిని ఒక పౌను ధాన్యం ఖరీదుకూ అర అణాకూ దించాడు. ఒక పౌనంటే మన లెక్కలో అరకిలో కూడా లేదు. దానితో రోజంతా మట్టి పని చేయాలి. మనిషి దేహం దీనికి తాళదని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదురు రాశాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు, కాని ఆ నెలల్లో పోయినవారు పోయారు.

ఇంకొక నిబంధన కూడా ఉండేది. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి ఇంటికి పది మైళ్ళ లోపు పని ఇవ్వకూడదు. నిజంగా ఆకలిగొన్నవాడైతే అంత దూరమైనా వస్తాడు, రానివాడికి అవసరం లేనట్టే అనుకున్నారు. నాలుగు రోజులుగా గంజి కూడా లేక రెండో మైలు దగ్గరే చెట్టు కింద కూలబడ్డవాణ్ణి ఆ పరీక్ష ఏమని తేల్చింది? అవసరం లేనివాడని.

అదే కరువులో, అదే తూర్పు తీరంలో, పని షరతు మరో విధంగానూ నడిచింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర ఉన్నాడు. మిషనరీ కాకముందు స్వదేశంలో భూముల సర్వే పనిచేసిన మనిషి. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనికి ఆయనే ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టు తీసుకున్నాడు. సువార్త పరిచర్యకు వచ్చినవాడు కాంట్రాక్టరు కావడమేమిటని ఇవాళైతే మనమే అడుగుతాం. కారణం ఉంది. కరువు పనుల్లో అందరికన్నా ఎక్కువ నలిగినవారు మాదిగలు, మాలలు. మేస్త్రీ అగ్రవర్ణస్థుడైతే అక్కడా అంటరానితనమే. కూలి చేతికి అందేసరికి ఎంత మిగులుతుందో చెప్పలేం. క్లౌ తన తెలుగు బోధకులనే ముఠాలకు మేస్త్రీలుగా పెట్టాడు. పని గట్టిదే. తవ్వాలి, గంపలతో మన్ను మోయాలి. కాని చేసిన పనికి కూలి ఇంతని ముందే తెలుసు, ఆ కూలి చేతికి వచ్చేది, పని చేయించేవాడు పేరు పెట్టి పిలిచేవాడు. ఆ మాట విని చాలా దూరపు ఊళ్ళ నుండి జనం వచ్చారు.

ఇక్కడే ఆయన చేసిన మరో పనిని మన సంఘ చరిత్రల్లో ఒక్క ముక్కలో దాటేస్తుంటారు. కాలువ మీద పగలు మన్ను మోసిన వేలాది మంది ఖాళీ దొరికినప్పుడు బోధకుల మాటలు విన్నారు, బాప్తిస్మమివ్వమని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం తన చేతుల మీదుగా జరుగుతున్నంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం మతం కలిశారన్న మాట పడకూడదన్నది ఒకటి. అన్నం పెట్టే చేతికి కాదని చెప్పడం ఆకలిగొన్నవాడికి సాధ్యం కాదు గనుక ఆ దశలో వారి అవునూ నిజంగా అవునో కాదో తెలియదన్నది రెండోది. కరువు తగ్గి, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని చెప్పాక కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మన పిల్లలకు కూడా కంఠస్థమే. దాని వెనుక ఆగిన ఆ ఏడాది సంగతి కూడా వారికి చెప్పాలి. సాయానికి ఏ షరతు పెట్టవచ్చో, ఏది పెట్టకూడదో ఆయనకు తెలుసు.

మెతుకు సీమలోనూ ఇలాంటిదే ఉంది. మెదక్ మహాదేవాలయాన్ని చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని చూపించి, అన్నం పెట్టి కట్టించాడని చెప్పుకుంటారు. 1924 క్రిస్మసునాడు దాని ప్రతిష్ఠ జరిగింది.

స్వతంత్ర భారతంలో ఈ షరతును తిరగేసిన చట్టం ఒకటి వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన గ్రామీణ ఉపాధి హామీ 2005 నాటి చట్టం. ఏటా ఇంటికి 100 రోజుల పని. డబ్బు కావాలంటే పలుగు పార పట్టాల్సిందే, పౌలు మాటకు అడ్డేమీ లేదు. కాని ప్రభుత్వానికీ అది ఒక షరతు పెట్టింది. అడిగిన 15 రోజుల్లో పని చూపించలేకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలి. మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆపైన సగం. పని ఊరికి 5 కిలోమీటర్ల లోపు ఉండాలి, అంతకు మించితే కూలి మీద 10 శాతం అదనం. తాగునీరు, నీడ ఉండాలి. 1877లో పది మైళ్ళ లోపు పని ఇవ్వకూడదన్నారు, 2005లో 5 కిలోమీటర్లు దాటితే నువ్వే ఎక్కువ ఇచ్చుకో అన్నారు. రెండు చోట్లా పనే షరతు. మొదటిది మనిషిని రాకుండా చేయడానికి, రెండోది వచ్చినవాణ్ణి నిలబెట్టడానికి. అయితే భృతి కాగితం మీద ఉన్నంతగా చేతికి రాలేదని కూడా చెప్పుకోవాలి. పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు లేకపోతే పదిహేను రోజుల లెక్క ఎక్కడి నుండి మొదలవుతుంది? 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్తదాన్ని ఆమోదించి రోజులను 125 చేసింది. రసీదు సంగతి మాత్రం రోజుల సంఖ్యతో తీరేది కాదు.

డిగ్రీ చదివిన పిల్లల విషయం మరో తీరు. వారికి పలుగు ఇవ్వలేం, ఇస్తే ఇన్నేళ్ళ చదువు దేనికన్న ప్రశ్న వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలై మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక ఆగిపోయింది. కర్ణాటకలో 2024 జనవరిలో యువనిధి మొదలుపెట్టారు. పట్టభద్రులకు నెలకు 3,000, డిప్లొమా వారికి 1,500, గరిష్ఠంగా రెండేళ్ళు. ఇలాంటి చోట శిక్షణ షరతు పెట్టాలన్నవారి మాటలో న్యాయముంది. వెయ్యి రూపాయలు నెల గడవడానికి చాలవు, చేతిలో విద్య ఉంటే రేపటికి పనికొస్తుంది.

మరి శిక్షణ ఫలిస్తుందా? 2021లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ మరో ఇద్దరితో కలిసి వివిధ దేశాల్లో జరిగిన 200కు పైగా అధ్యయనాలను క్రోడీకరించి 2018లో ప్రచురించాడు. ఇలాంటి కార్యక్రమాల ఫలితం మొదటి ఏడాది దాదాపు కనపడదు, రెండు మూడేళ్ళకు పెరుగుతుంది. శిక్షణ విషయంలో ఇది మరీ స్పష్టం. స్త్రీలకూ, చాలాకాలంగా పనిలేనివారికీ లాభం ఎక్కువ. దీన్నిబట్టి చూస్తే మూడు నెలల కోర్సు పెట్టి, నాలుగో నెల ఉద్యోగం రాలేదని భృతి కోసేయడం విత్తనం వేసిన వారానికే చేను దున్నేయడం లాంటిది. పైగా మనకు తెలిసిన శిక్షణలు కొన్ని హాజరు పట్టీ కోసం, సర్టిఫికెట్ కోసం నడిచేవి. అటువంటి దానికి వెళ్ళలేదని ఒకణ్ణి సోమరి అంటే, వెళ్ళి కూర్చుని వచ్చినవాణ్ణి ఏమనాలి?

షరతు తప్పితే శిక్ష ఎంత ఉండాలన్నది జర్మనీలో కోర్టు దాకా వెళ్ళింది. 2005లో అక్కడ వచ్చిన పద్ధతిలో, చూపిన పనిని కాదన్నవారి సాయాన్ని కోసేవారు, పదేపదే తప్పితే మొత్తం ఆపేసేవారు. 2019 నవంబరు 5న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం పని, శిక్షణ షరతులు పెట్టడం తప్పు కాదంటూనే, అప్పటికున్న పద్ధతిలో 30 శాతం మించి కోయడం చెల్లదని చెప్పింది. మనిషిగా బతకడానికి కావలసిన కనీసాన్ని శిక్షగా లాక్కోకూడదన్నది దాని సారం. నాకు ఈ గీత సబబుగానే తోస్తుంది. షరతు ఉండనీ, కాని భర్త శిక్షణకు పోలేదని అతని ఇంట్లో పిల్లల పాలు ఆపే అధికారం ఏ ఆఫీసుకూ ఉండకూడదు.

లేఖనంలో పౌలుతో పాటు రూతు కూడా ఉంది. పొలం అంచులు కోయకుండా పేదలకూ పరదేశులకూ వదలాలని ధర్మశాస్త్రం చెప్పింది. కోసి, నూర్చి, ఇంటికి తెచ్చి పెట్టమనలేదు. రూతు ఎండలో వంగి పరిగె ఏరుకుంది. పని షరతు అక్కడా ఉంది. కాని బోయజు తన పనివారితో ఆమెను గద్దించవద్దన్నాడు, పనల్లోంచి కావాలని కొన్ని కంకులు జారవిడవమన్నాడు. అలాగే యేసుప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో సాయంత్రం ఐదింటికి సంతలో నిలబడి ఉన్నవారిని యజమాని ఎందుకు ఖాళీగా ఉన్నారని అడిగాడు. మమ్మల్ని ఎవరూ పిలవలేదన్నారు వారు. ఆయన ఆ మాట నమ్మాడు. సంతలోనే దేనారం చేతిలో పెట్టి పంపలేదు, తోటలోకి పిలిచాడు. ఒక్క గంటే చేశారు గనుక గంట కూలే ఇవ్వలేదు, ఇంటిల్లిపాది ఆ రోజు తినడానికి సరిపడా ఇచ్చాడు. ఉచితంగా ఇవ్వకూడదనేవారూ, లెక్క చూడకూడదనేవారూ ఇద్దరూ ఈ ఉపమానాన్ని సగం సగమే చదువుతారు.

ప్రభుత్వాలు ఏం చేస్తాయో వాటి ఇష్టం. మన సంఘాల్లోనూ సహాయ నిధులున్నాయి, వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే హాళ్ళున్నాయి, రిటైరైన ఎలక్ట్రీషియన్లు, నర్సులు, టీచర్లు, టైలర్లు ఉన్నారు. పని లేని యువతీ యువకులకు ఆ హాల్లో ఆరునెలలు ఏదైనా నేర్పుతూ, వచ్చినన్నాళ్ళు నిధి నుండి కొంత ఇవ్వవచ్చు. క్రమంగా రావాలన్న షరతు పెట్టడంలో తప్పులేదు. ఎవరైనా వారం రోజులు రాకపోతే ఆ పేరు కొట్టేయక ముందు సంఘ పెద్ద ఒకరు ఇంటికి వెళ్ళి అడగాలి. జ్వరమా, తల్లికి బాగాలేదా, బస్సు చార్జీ లేదా, లేక అదే వారంలో ఎక్కడో కూలి దొరికి వెళ్ళాడా అన్నది అక్కడ తెలుస్తుంది.