మహానంది ఊటలు – ఐస్లాండు వేడి బుగ్గలు

నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు పోవు దారిలో తూర్పు దిక్కున నల్లమల కొండలు బారులు తీరి కానవచ్చును. ఆ కొండల పాదమున, నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున మహానంది క్షేత్రము కలదు. అచ్చటి కోనేటిలోనికి ఏడాది పొడవునా ఊటనీరు వచ్చుచుండును. స్నానము చేయువారికి ఆ నీరు ఎండకాలమున చల్లగాను, చలికాలపు తెల్లవారుజామున గోరువెచ్చగాను తోచును. కొండ అడుగున నిప్పున్నదా అని విద్యార్థులు అడుగుట సహజము. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు, నిజముగా భూమి వేడికి నీరు మరుగుచున్న దేశమొకదానిని గూర్చి తెలిసికొనవలెను. అదియే ఐస్లాండు.

ఐస్లాండు ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రమున, ఆర్కిటిక్ వలయమునకు ఆనుకొని యున్న ద్వీపము. దాని వైశాల్యము సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు; అనగా ఆంధ్రప్రదేశ్ వైశాల్యములో మూడింట రెండు వంతులకు కొంచెము తక్కువ. జనసంఖ్య నాలుగు లక్షలకు లోపే. పేరునకు మంచుదేశమేయైనను, హిమానీనదములు కప్పిన భాగము నూటికి సుమారు పదివంతులు మాత్రమే.

భూమి పైపొర పెద్ద పెద్ద ఫలకములుగా విడివడి యున్నది. ఉత్తర అమెరికా ఫలకమును యూరేషియా ఫలకమును ఐస్లాండు క్రింద ఏటా సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ఎడమగుచున్నవి. ఆ సందులగుండా కరిగిన శిల పైకి వచ్చును. సామాన్యముగా భూమిలోనికి ఒక కిలోమీటరు దిగినచో ఉష్ణము 25 నుండి 30 డిగ్రీలు పెరుగును. ఐస్లాండులోని కొన్ని తావులందు అంతే లోతున 200 డిగ్రీలు దాటును.

అచ్చటి స్ట్రొక్కూర్ అను బుగ్గ కొద్ది నిమిషముల కొకసారి 15 నుండి 20 మీటర్ల ఎత్తునకు నీటిని చిమ్మును. నేలలోని సన్నని గొట్టము వంటి బిలములో అడుగునీటిపై పైనీటి బరువు పడును. ప్రెషర్ కుక్కరులో వలె ఆ ఒత్తిడివలన నీరు 100 డిగ్రీలు దాటియు మరుగదు. తుదకు కొంత నీరు పైకి పొంగిపోగానే ఒత్తిడి తగ్గును. అడుగునీరు ఒక్కసారిగా ఆవిరియై మిగిలిన నీటిని ఎగజిమ్మును.

పూర్వము రెయిక్యవిక్ నగర స్త్రీలు వేడి బుగ్గలలో బట్టలు ఉతుకుకొనెడివారు. 1930లో ఆ నీటిని గొట్టములద్వారా ఒక పాఠశాలకు తెచ్చి గదులను వెచ్చబరచిరి. నేడు ఆ దేశములో నూటికి 90 ఇండ్లకు భూమి వేడియే వెచ్చదన మిచ్చుచున్నది. అయితే అదే వేడి ఆపదయు తెచ్చును. 2023 నవంబరులో భూకంపములు రాగా గ్రిండవీక్ పట్టణమును ఖాళీ చేయించిరి. డిసెంబరులో దాని చేరువ నేల చీలి లావా వెలువడెను.

నల్లమలలో అట్టి నిప్పు లేదు. ఐస్లాండు శిలలలో మిక్కిలి పాతవి సుమారు 1.6 కోట్ల సంవత్సరముల నాటివి. నల్లమల శిలలు 100 కోట్ల సంవత్సరములకు పైబడినవి. కొండలపై కురిసిన వాన రాతి పగుళ్ళలో ఇంకి, దిగువన ఊటయై వెలువడును. కొన్ని మీటర్ల లోతున నేల ఉష్ణము ఏడాది పొడవునా ఇంచుమించు ఒక్కటిగానే యుండును. మారునది బయటి గాలి. దానితో పోల్చుకొని దేహము నీటిని వెచ్చనిదనియు చల్లనిదనియు ఎంచును.

పుష్యమాసమున ఒకసారి, వైశాఖమున ఒకసారి ఉష్ణమాపకముతో ఊటనీటిని, గాలిని కొలిచి చూచినచో విద్యార్థులకు ఈ సంగతి తేటపడును. లోతైన బావి నీటితోను ఈ పరీక్ష చేయవచ్చును. ఐస్లాండు బుగ్గలకు వేడి భూగర్భమునుండి వచ్చును. మహానంది ఊటకు నీరు వానవలన వచ్చును. ఆ వానను నిలిపి నేలలోనికి ఇంకించునది నల్లమల అడవి. కాబట్టి అడవి పలుచబడినచో ఊటకును, దాని దిగువనున్న అరటితోటలకును ముప్పు వాటిల్లును.