స్టీరింగ్‌తో పాటు నేర్వాల్సినవి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్ముతున్న ప్రతి కొత్త డీజిల్ లారీ బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండే. ఏళ్ల తరబడి స్టీరింగ్ పట్టిన డ్రైవర్ కూడా ఆ బండి ఎక్కిన కొత్తలో తడబడతాడు. గేర్లు, బ్రేకులు తెలిసినవే. తెలియనిదల్లా డాష్‌బోర్డు మీద వెలిగే లైట్ల సంగతి.

వాటిలో ఒకటి డీపీఎఫ్‌ది. డీజిల్ మండాక మిగిలే మసి ఈ ఫిల్టర్‌లో పేరుకుంటుంది. హైవే మీద బండి ఒకే ఊపున పోతుంటే పొగ వేడికి అది దానంతటదే కాలిపోతుంది. ఊళ్లో ట్రాఫిక్‌లోనో క్వారీ బాటలోనో నెమ్మదిగా తిరిగే బండికి అంత వేడి పుట్టదు. అప్పుడు లైటు వెలుగుతుంది. ఎండుగడ్డి, చెత్త లేని చోట బండి ఆపి, ఇంజన్ నడుస్తుండగానే రీజనరేషన్ స్విచ్ నొక్కి ఆ మసిని కాలనివ్వాలి. ‘ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాంలే’ అనుకుంటే కొన్నాళ్లకు ఇంజన్ పికప్ పడిపోతుంది. లోడుతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు అది ఎంత గండమో డ్రైవర్లకు చెప్పక్కర్లేదు.

రెండోది డెఫ్ ట్యాంకు లైటు. పొగను శుద్ధి చేయడానికి పోసే ఈ డెఫ్ ద్రావణంలో 32.5 శాతం యూరియా, మిగతాదంతా ఖనిజాలు తీసేసిన నీరు. పొలానికి వేసే యూరియాను బోరు నీళ్లలో కలిపి పోస్తే పొగను శుద్ధి చేసే భాగమే పాడవుతుంది. అక్కడ మిగిలే వందలకు వర్క్‌షాపులో ఎన్నో రెట్లు కట్టాలి.

ఈ మార్పులేవీ రాత్రికి రాత్రి వచ్చినవి కావు. బీఎస్-6 గురించి 2016 జనవరిలోనే ప్రకటించారు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అన్న నిబంధన 2023 డిసెంబర్‌లోనే వచ్చింది. కబురు ఓనర్‌కు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ముందే చేరుతుంది. డ్రైవర్ చెవిన మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి ఆపాకే పడుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు సంగతే చూడండి. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. 2021కి ముందు 100 కిలోమీటర్లకే ఒక రోజు ఇచ్చేవారు. గుంటూరు నుంచి ఢిల్లీకి మిర్చి లోడు వెళ్తోందనుకోండి. దూరం సుమారు 1,800 కిలోమీటర్లు, కాబట్టి తొమ్మిది రోజులు. నాగ్‌పూర్ దగ్గర బండి చెడిపోయి సరుకు వేరే లారీకి మార్చితే బిల్లులోని పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించాలి. ఆలస్యమయ్యేలా ఉంటే గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఆ పని చేయాల్సింది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసే. కానీ వాళ్లకు వేళకు ఫోన్ చేయాల్సింది డ్రైవరే. అది జరగకపోతే సరుకుతో పాటు బండీ ఆగిపోతుంది, పెనాల్టీ పన్నుకు రెండింతలు పడొచ్చు. డ్రైవర్‌కు దక్కేది రోడ్డు పక్కన పడిగాపులే.

ఇక కరెంటు లారీలు. పీఎం ఇ-డ్రైవ్ పథకం కింద ఒక్కో బండికి గరిష్ఠంగా 9.6 లక్షల రూపాయల ప్రోత్సాహకం ఇస్తామని 2025 జులైలో కేంద్రం ప్రకటించింది. దూర ప్రయాణాలకు డీజిల్ బండి ఇప్పట్లో పోదు. పోర్టులు, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ఒకే దారిలో తిరిగే బండ్లలోనే ముందుగా ఇవి కనిపిస్తాయి. అలాంటి చోట పనిచేసేవాళ్లు చార్జింగ్ పద్ధతి, హైవోల్టేజీ వైర్ల జాగ్రత్తలు ఇప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఓనర్లకు ఒక విన్నపం. కొత్త బండి తాళం చేతికిచ్చే ముందు డ్రైవర్‌ను కంపెనీ శిక్షణకు పంపండి, ఆ రోజులకు బత్తా ఇవ్వండి. డ్రైవరన్నలూ, మీ లైసెన్సు ఒకసారి తీసి తేదీ చూసుకోండి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు గడువు ఐదేళ్లు. ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు తీరి ఏడాది దాటిందంటే మళ్లీ డ్రైవింగ్ టెస్టుకు నిలబడాల్సిందే.